రాజమహేంద్రవరం ఎబొనైట్ కలం: దినచర్య రాసుకునేవారి కోసం ఒక సమీక్ష

రాజమహేంద్రవరంలో చేతిపనిగా తయారయ్యే ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) సిరా కలాన్ని కొన్నేళ్లుగా ఒకే ఒక్క పనికి వాడుతున్నాను. రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు గురించి ఒక పేజీ, ఓపిక ఉంటే రెండు పేజీలు రాసుకోవడమే ఆ పని. సంతకాల కోసమో, జేబుకు అందం కోసమో, సేకరణ సరదా కోసమో ఈ కలాలు కొనేవారు చాలామంది ఉన్నారు. వారికి కావలసిన సమాచారం ఇందులో కొంతే దొరుకుతుంది. దానితో ఏం రాస్తారు, ఎందుకు రాస్తారు అన్నది తెలియకుండా కలం మంచిదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేమని నా అభిప్రాయం. కాబట్టి ముందు నా అవసరం చెప్పి, తర్వాత వస్తువు గుణదోషాలకు వస్తాను.

నేను కింది కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. సాక్షి తెలుగులో చెబుతాడు, న్యాయాధికారి దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను టైపు చేస్తాను. వాంగ్మూలం ఎప్పుడూ సాక్షి తనే చెబుతున్నట్టు ఉంటుంది గనుక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా వేళ్ల కింద నుంచి ఎందరెందరివో "నేను"లు వెళ్లిపోతుంటాయి: గట్టు జరిపినప్పుడు అక్కడే ఉన్న నేను, ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం పెట్టిన నేను, పంచాయితీకి పిలిస్తే వెళ్లిన నేను. వాటిలో నాది ఒక్కటీ ఉండదు. సాయంత్రానికి నా మాట ఒకటి రాసుకోవాలనిపించడానికి ఇది ఒక కారణమే గాని, పెద్ద కారణం మాత్రం సాక్షులు. ఐదారేళ్ల కిందటి సంగతిని పూర్తి నిజాయితీతో చెబుతున్న మనిషి, తనను పిలిపించిన పక్షం వకీలు చేసే ముఖ్య విచారణలో ఒక రకంగానూ, ఎదుటి పక్షం వకీలు వేసే అడ్డు ప్రశ్నల్లో మరొక రకంగానూ చెప్పడం తరచూ చూస్తుంటాను. అబద్ధమాడేవాణ్ణి చూస్తే నాకేమీ అనిపించదు. తన జ్ఞాపకం తనకు తెలియకుండానే మారిపోయిన పెద్దమనిషిని చూస్తే మాత్రం భయం వేస్తుంది. అదే మార్పు నా తలలోనూ జరుగుతూ ఉండాలి, పైగా నన్ను నిలదీయడానికి ఎదుటి పక్షం వకీలు ఎవరూ లేరు. మా ఇంట్లో వాటాల మాటలు జరిగిన ఒక సాయంత్రాన్ని గురించి, ఏడాది తిరగకుండానే అన్నదమ్ములం ముగ్గురం మూడు కథలు చెప్పుకున్నాక, ఏనాటి సంగతి ఆనాడే కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను. కోర్టు విషయాలు మాత్రం ఆ పుస్తకంలోకి రానివ్వను. అవి నావి కావు.

ఇక కలం. రాజమహేంద్రవరానికి సిరా కలాల్లో ఉన్న పేరుకు మూలం కోసూరి వెంకటరత్నం. 1921లో వార్ధాలో కలిసినప్పుడు, గుండుసూది నుంచి కలం దాకా సామాన్యుడికి పనికొచ్చేది ఏదైనా స్వదేశంలోనే తయారు చేయమని గాంధీజీ ఆయనకు సలహా ఇచ్చారని చెబుతారు. ఆయన సంస్థ రత్నం పెన్స్ 1932లో మొదలైంది. గాంధేయ ఆర్థికవేత్త జె.సి.కుమారప్ప ద్వారా తనకు అందిన కలాన్ని వాడి చూశానని, బజారులో కనబడే విదేశీ కలాలకు అది మంచి ప్రత్యామ్నాయంగా తోస్తోందని గాంధీజీ రత్నంగారికి రాసిన ఉత్తరం 1935 జూలై 16 నాటిది. మెచ్చుకోలు కూడా ఎంత పొదుపుగా ఉందో గమనించాలి: వాడాను అన్నది చూసిన సంగతి, మంచి ప్రత్యామ్నాయంగా తోస్తోంది అన్నది తన అంచనా, రెండూ విడివిడిగా కనబడుతున్నాయి. నా దగ్గరున్నది ఆ సంస్థ కలం కాదు; అదే ఊళ్లో, అదే పద్ధతిలో పనిచేసే మరొక చిన్న పనివారి దగ్గర చేయించుకున్నది. కింద చెప్పే లోపాలు ఏ ఒక్క దుకాణానివీ కావు, ఈ తరహా కలాలన్నిటికీ పుట్టుకతో వచ్చేవి.

ఎబొనైట్ అంటే గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి వేడిచేసి గట్టిపరిచిన రబ్బరు. దాని కడ్డీని లేత్ మిషన్ మీద బిగించి, ఒంటి భాగం, మూత, పాళీ పట్టు విడివిడిగా చెక్కి, మరలు కోసి, పాలిష్ పెడతారు. ప్లాస్టిక్ కలం లాగా చేతికి చల్లగా, జారుడుగా ఉండదు. నాలుగు వాక్యాలు రాసేసరికి ఒంటి వేడికి వచ్చేస్తుంది. తేలికగా ఉంటుంది. కొత్తలో కొంచెం గంధకపు వాసన వేస్తుంది, దానికి ముఖం చిట్లించేవారూ ఉన్నారు. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే నలుపు కాస్తా పోయి గోధుమ రంగులోకి తిరుగుతుంది, వేడినీళ్లతో కడిగినా అంతే. నా కలం మూత ఒకవైపు ఇప్పటికే రంగు మారింది. పాలిష్ పెట్టిస్తే పోతుందట, పెట్టించలేదు.

అసలు పరీక్ష పాళీ దగ్గర. ఇంగ్లీషు రాతకు బాగున్న పాళీ తెలుగుకు బాగుంటుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే రెండు లిపులూ చేతిని రెండు రకాలుగా నడిపిస్తాయి. ఇంగ్లీషు కలుపురాతలో ఒక మాట పూర్తయ్యేదాకా కలం కాగితాన్ని వదలనక్కర్లేదు. తెలుగులో అక్షరం గీసి ఎత్తాలి, తలకట్టు పెట్టి ఎత్తాలి, గుడి ఇచ్చి ఎత్తాలి, కిందికి దిగి ఒత్తు వేసి మళ్లీ ఎత్తాలి. "దృష్ట్యా" అన్న ఒక్క మాట రాసి చూస్తే పాళీ ఎన్నిసార్లు గాలిలోకి లేస్తుందో తెలుస్తుంది. అలా లేచి వాలిన ప్రతిసారీ సిరా తక్షణం అందుకోవాలి. తొలి గీత పొడిగా వచ్చి రెండో గీతకు గానీ సిరా దిగని కలంతో ఇంగ్లీషు ఎలాగో నెట్టుకురావచ్చు, తెలుగు రాయలేము, తలకట్లన్నీ మాయమైపోతాయి. నా కలానికి పాళీ కింద ఉండి దానికి సిరా అందించే ఫీడ్ కూడా ఎబొనైట్‌దే. ప్లాస్టిక్ కంటే అది సిరాను బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి, పాళీ ఎప్పుడూ తడిగా ఉండి ఈ ఇబ్బంది రాలేదు.

పాళీ మందం విషయంలో పనివారి మాట వినడం మంచిదయింది. నునుపుగా ఉంటుందని మీడియం పాళీ అడిగితే, ఆయన నా చేత నాలుగు పంక్తులు తెలుగులో రాయించి, "మీ అక్షరం చిన్నదండీ, మీడియం అయితే మీ ఒత్తులు మీకే కనబడవు" అని ఫైన్ పాళీ బిగించారు. నిజమే. "థ" కడుపులో చుక్క, "ధ" కింద చిన్న గీత, "ఘ" చివర కొమ్ము వంటివి లావు పాళీ కింద సిరాతో పూడిపోతాయి. ఫైన్ పాళీ కాగితం మీద కొంచెం గీరుకున్నట్టు ఉంటుంది. ఆ గీరుడు నాకు నచ్చింది, నచ్చనివారికి స్టీలు పాళీకి బదులు బంగారు పాళీ చూపిస్తారు, ధర మాత్రం అనేక రెట్లవుతుంది. నా పనికి స్టీలు పాళీ చాలు.

సిరా నింపే పద్ధతి పాతకాలపుది. పాళీ పట్టును మర తిప్పి ఊడదీసి, ఒంటి భాగంలోకి ఫిల్లర్‌తో నేరుగా చుక్కలు చుక్కలుగా పోయాలి. లోపల గొట్టం గానీ, సిరాను పీల్చి పట్టి ఉంచే కన్వర్టర్ గానీ ఉండవు. కన్వర్టర్‌లో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. ఇందులో దానికి రెండు మూడింతలు పడుతుంది, రోజుకో పేజీ రాసేవారికి వారాల తరబడి వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, సిరా పావు వంతుకు దిగాక లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది, పేజీ మధ్యలో బొట్టు పడుతుంది. ఎబొనైట్ చేతి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు గనుక ప్రమాదం కొంత తక్కువేగాని, వేసవిలో తప్పదు. మందు ఒక్కటే, సగానికి దిగగానే మళ్లీ నింపుకోవడం. మరల మీద సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే కీలు దగ్గర కారడం కూడా ఉండదు. విమానంలోనూ ఘాట్ రోడ్డు ప్రయాణంలోనూ బయట గాలి ఒత్తిడి తగ్గి ఇదే జరుగుతుంది కాబట్టి, నిండుగా నింపో పూర్తిగా ఖాళీ చేసో తీసుకెళ్లాలి.

సిరా ఎంపికలో నా వృత్తి అలవాటు ఒకటి అడ్డుపడింది. కోర్టు రిజిస్టర్లలో తప్పు పడితే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు; కింద ఏముందో చదవడానికి వీలయ్యేలా ఒకే గీతతో కొట్టివేసి, పక్కన సరైన మాట రాసి, పొట్టి సంతకం పెట్టాలి. మొదట ఏం రాశారో, తర్వాత ఏం మార్చారో రెండూ రికార్డులో ఉండాలన్నదే దీని ఉద్దేశం. నా పుస్తకంలోనూ అదే నియమం పెట్టుకున్నాను. బళ్లో వాడిన రాయల్ బ్లూ మనసుకు దగ్గరే అయినా, ఆ రంగు సిరాలు సాధారణంగా నీళ్లు పడితే నిలవవు. నీళ్లకు ఆగే నల్ల సిరాలున్నాయి, వాటిలో కొన్ని కలంలో ఎండిపోతే వదిలించడం కష్టం. ఐరన్ గాల్ సిరా కాగితం మీద పడ్డాక గాలి తగిలి నల్లబడి అతుక్కుపోతుంది, కానీ దానిలో ఆమ్ల గుణం ఉంటుంది గనుక స్టీలు పాళీని తరచుగా కడుగుతుండాలి. నేను దీన్నే వాడుతున్నాను.

రాయడం నాకు ఏదైనా నేర్పిందంటే అది ఎక్కువగా ఈ కొట్టివేతల దగ్గరే. ఒక రోజు "తమ్ముడు కోపంగా వెళ్లిపోయాడు" అని రాశాను. రాసి, తర్వాతి వాక్యం ఎత్తుకోబోతుంటే, సాక్షి "వాడికి కోపం వచ్చింది" అన్నప్పుడల్లా వకీలు అడిగే ప్రశ్న గుర్తుకొచ్చింది: మీరు చూసింది ఏమిటి? నేను చూసింది, కాఫీ సగం గ్లాసులోనే ఉండగా వాడు లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోకుండా అందిన జత వేసుకుని, గేటు గడియ పెట్టకుండా వెళ్లడం. "కోపంగా" మీద గీత కొట్టి ఇదంతా రాస్తే పేజీలో మూడు పంక్తులు పట్టింది. ఆ మూడు పంక్తుల్లో కోపం ఉండవచ్చు, తొందర ఉండవచ్చు, నా ముందు కూర్చోలేకపోవడమూ ఉండవచ్చు. కొట్టివేసిన "కోపంగా" కూడా అక్కడే చదవడానికి వీలుగా ఉంది, ఆ రాత్రి నా మొదటి అంచనా అదేనని చెప్పడానికి. కంప్యూటర్‌లో రాసి ఉంటే ఆ మాట తుడిచిపెట్టుకుపోయేది, ఆరు నెలల తర్వాత చదివి నేనెంత నిష్పాక్షికంగా ఆలోచించానో అని మురిసిపోయేవాణ్ణి.

సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి, చూడదగిన సంగతి అయితే చూసినవాడే చెప్పాలి, వినదగినది అయితే విన్నవాడే చెప్పాలి అని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ సూత్రం అలాగే కొనసాగుతోంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఈ సంగతి తెలుసు. కానీ తెలిసినదాన్ని నా ఇంటి విషయానికి వర్తింపజేయడం మాత్రం రాత దగ్గరే అలవాటైంది. నేను చూసినది, ఒకరు చెప్పగా విన్నది, నేను ఊహించుకున్నది అనే మూడూ మాటల్లో ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. కాగితం మీద ఒక్కొక్కటి ఒక్కో వాక్యంగా విడదీయక తప్పదు. విశేషణాలు తొందరగా వస్తాయి. జరిగింది ఆలస్యంగా వస్తుంది. పాత పేజీలు తిరగేస్తే విలువ కూడా ఇదే వరుసలో తేలుతుంది: నా బాధలూ నిర్ణయాలూ పేజీలకు పేజీలు విసుగు పుట్టిస్తాయి, అమ్మ అన్న మాట అన్నట్టుగా రాసిపెట్టిన చోట, ఆ రోజు కందిపప్పు ధర రాసిన చోట ఆగిపోతాను.

ఈ విషయంలో మా వృత్తివాళ్లకు ఒక పెద్ద పూర్వీకుడున్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీ ప్రయాణం చేస్తూ, ఏ మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, అంగళ్లున్నాయా లేవా అన్నవి ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపారు. రోజంతా ఇతరుల మాటను ఒక భాష నుంచి మరొక భాషకు అప్పజెప్పే మనిషి, తన కళ్లతో చూసినది రాసుకునే అవకాశం రాగానే బావులనూ బాటలనూ అంత శ్రద్ధగా లెక్కపెట్టడం నాకు వింతగా తోచదు.

కలాలు అమ్మేవారు ఈ మధ్య చెబుతున్న రెండు మాటల గురించి హెచ్చరించాలి. చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందన్నది ఒకటి. ల్యాప్‌టాప్ మీద కంటే చేత్తో నోట్సు రాసుకున్న విద్యార్థులు విషయాన్ని బాగా గ్రహించారని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ ప్రచురించిన అధ్యయనాన్ని దీనికి ఆధారంగా చూపిస్తారు. 2021లో అదే ప్రయోగాన్ని వేరే బృందం తిరిగి చేస్తే ఆ ప్రయోజనం స్పష్టంగా కనబడలేదు. రాస్తే మనసు తేలికపడుతుందన్నది రెండోది. 1986లో పెన్నెబేకర్, బీల్ నాలుగు రోజులు వరుసగా రోజుకు 15 నిమిషాలు మనసును కలచివేసిన సంగతులు రాయించి చేసిన పరిశోధనతో ఆ ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. తర్వాత వచ్చిన వందకు పైగా అధ్యయనాలను 2006లో కలిపి చూస్తే ప్రయోజనం ఉందిగాని చాలా స్వల్పమని తేలింది. నా అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. కొన్ని రాత్రులు రాసి పడుకుంటే నిద్ర పట్టింది, కొన్ని రాత్రులు రాయడం వల్లే పట్టలేదు. ఇంకొక మాట, కొట్టివేత కనబడాలన్న నా అవసరాన్ని పది రూపాయల బాల్ పెన్ను కూడా తీరుస్తుంది. సిరా కలం వైపు మొగ్గడానికి కారణం చేతికి సంబంధించినది: బాల్ పెన్నును నొక్కి రాయాలి, పగలంతా కీబోర్డు మీద పనిచేసిన వేళ్లు రెండో పేజీకి లాగేస్తాయి, ఈ కలాన్ని కాగితం మీద ఆనిస్తే చాలు.

కాగితం విషయం క్లుప్తంగా చెబుతాను. బడి నోటు పుస్తకాల కాగితం మీద సిరా వేళ్లలా పాకి, వెనక పేజీకి దిగుతుంది. కాగితం మందంగా ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ సిరా పాకకుండా ఆపేది తయారీలో కాగితానికి పట్టించే జిగురు. మందమైన ఖరీదు నోటు పుస్తకం ఒకటి ఈ పరీక్షలో తప్పింది, మామూలు లెడ్జరు కాగితం నెగ్గింది. లెడ్జరు కాగితం కొని, ఊళ్లో బైండింగు చేసే ఆయన చేత కుట్టించుకుంటున్నాను.

కడగడం కొంచెం చాకిరీయే. సిరా రకం మార్చినప్పుడల్లా, మార్చకపోయినా నెలకొకసారి, పాళీ పట్టును మామూలు నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, మెత్తటి గుడ్డ మీద నిలబెట్టి ఆరనివ్వాలి. వేడినీళ్లు, స్పిరిట్ తగలకూడదు. "ఆ కలం కడిగేసరికి రెండు పేజీలు రాయొచ్చు కదండీ" అని మా ఆవిడ అంటుంది. లెక్క ప్రకారం ఆమె మాటే సరైనది. కలం కడగడం, కాగితం ఎంచడం, సిరాలు పోల్చడం రాయకుండా ఉండటానికి మర్యాదైన సాకులుగా మారే ప్రమాదం ఈ సరదాలో నిండా ఉంది. ఇలాంటి సమీక్షలు రాయడం కూడా ఆ కోవలోకే వస్తుంది.

మరమ్మతు విషయంలో ఈ చిన్న పనివారిని మించినవారు లేరు. పాళీ చీలిక కాస్త ఎడంగా ఉండి సిరా ఎక్కువగా దిగుతోందని తీసుకెళ్తే, భూతద్దం పెట్టి చూసి, వేళ్లతోనే సరిచేసి, డబ్బు తీసుకోలేదు. ఇక చెప్పిన రోజుకు కలం చేతికొస్తుందని మాత్రం ఆశించకూడదు. ఒక్కొక్క కలం ఒక్కొక్కటిగా తయారయ్యే చోట ఆర్డరు ఇచ్చి వారాలు ఆగాల్సి వస్తుంది, మర కొంచెం బిగువుగానో వదులుగానో ఉండవచ్చు, రెండు కలాలు అచ్చం ఒకేలా ఉండవు. పది రోజుల్లో ఎవరికో బహుమతి ఇవ్వాలనుకునేవారు తయారుగా ఉన్నవాటిలోంచి తీసుకోవడం మేలు.

కార్బన్ కాపీలు తీసేవారికి, నిలబడి ఫారాలు నింపేవారికి, పదే పదే మూత మర తిప్పే ఓపిక లేనివారికి ఇది పనికిరాదు. ఎడమచేతి వాటం వారు తొందరగా ఆరే సిరా దొరికితేనే దీని జోలికి వెళ్లాలి, లేకపోతే రాసినదంతా అరచేతికి అంటుతుంది. కొనదలచినవారు వీలైతే స్వయంగా ఆ ఊరికి వెళ్లి, తాము రోజూ వాడే కాగితం రెండు ముక్కలు వెంట తీసుకెళ్లాలి. దుకాణంలో ఇచ్చే నున్నటి కాగితం మీద సంతకం చేసి చూస్తే ఏ కలమైనా బాగానే అనిపిస్తుంది. కూర్చోవడానికి కుర్చీ అడిగి, ఒత్తులూ గుణింతాలూ ఉన్న నాలుగైదు తెలుగు వాక్యాలు తమ మామూలు వేగంతో రాసి, తలకట్లన్నీ పడ్డాయో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి.